మూడు కొండల ఊరిలో మాటకు హద్దు ఎక్కడ?

విశాఖ పాతనగరంలో, ఓడరేవు ముఖద్వారం పక్కన మూడు గుట్టలు వరుసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. నగరం గురించి వేసే ప్రత్యేక సంచికల్లో ఈ మూడింటి ఫొటో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. దాని కింద మతసామరస్యం అనే మాట కూడా ఉంటుంది. ఆ సామరస్యం అబద్ధమేమీ కాదు. కాకపోతే ఫొటోకు నోరు ఉండదు. ఆ మూడు చోట్లా వారం వారం వినిపించే బోధలను పక్కపక్కన రాసుకుని చూస్తే ఒకదానితో ఒకటి పొసగవు. క్రీస్తు ద్వారా తప్ప రక్షణ లేదని ఒక చోట చెబుతారు. దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి గానీ సంతానం గానీ లేదని ఇంకో చోట చెబుతారు. యుగయుగాన అవతరించే దేవుణ్ణి గర్భగుడిలోని మూర్తిలో కళ్ళారా చూడవచ్చని మూడో చోట చెబుతారు. తన సత్యాన్ని చెప్పుకోవడంలోనే ప్రతి మతమూ పక్కవారి సత్యాన్ని కాదంటోంది. ఇవి చాలవన్నట్టు, అసలు దేవుడే లేడని చెప్పే భారత నాస్తిక సమాజాన్ని జయగోపాల్ 1972లో స్థాపించింది కూడా ఈ ఊరు కేంద్రంగానే.

భావప్రకటన స్వేచ్ఛపై మన చర్చల్లో తరచూ మరుగున పడిపోయేది ఈ సంగతే. వాదన సాధారణంగా భక్తులు ఒకవైపు, విమర్శకులు మరోవైపు అన్నట్టు సాగుతుంది. స్వేచ్ఛ విమర్శకుల అవసరమనీ, ఆంక్షలు భక్తులకు రక్షణ అనీ ఒక లెక్క కుదిరిపోయింది. ఆ లెక్క తప్పు. ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్న ఫిర్యాదే మాటను ఆపడానికి చాలితే, ముందుగా మూతపడేది నాస్తికుడి నోరు కాదు. ప్రవచనకారుడిది, పాస్టరుది, మౌల్వీది. మతబోధకు రోజూ పనికొచ్చే స్వేచ్ఛే మతవిమర్శకూ పనికొస్తుంది. ఆ రెండింటినీ విడదీసే కత్తెర ఏ చట్టం దగ్గరా లేదు. అందుకే హద్దు గీయవలసింది వినేవారి మనసు నొచ్చుకునే చోట కాదు. మనిషికి ముప్పు ఏర్పడే చోట గీయాలి, ఇష్టం లేకపోయినా వినక తప్పని స్థితిలోకి మనిషిని నెట్టే చోట గీయాలి.

రాజ్యాంగం గీసిన గీత

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్, భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛ మీద ఏ కారణాలతో ‘సహేతుకమైన’ ఆంక్షలు పెట్టవచ్చో 19(2) చెప్పింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపణ: జాబితా ఇంతే. ఇందులో మనోభావాలు లేవు. దైవదూషణ లేదు. రాజ్యాంగాన్ని సవరించకుండా ఈ జాబితాకు కొత్త కారణాలు తగిలించడానికి వీల్లేదని కౌశల్ కిశోర్ కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

ఈ జాబితా మొదటి నుంచీ ఇంత పొడుగ్గా ఏమీ లేదు. 1950లో విశాఖపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. బొంబాయి నుంచి వెలువడే ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది నిషేధించింది. అంటే విశాఖ రైల్వే స్టేషన్‌లో దిగే పత్రికల కట్టల్లోనూ అది ఉండకూడదు. సంపాదకుడు రొమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటి 19(2)లో శాంతిభద్రతల ప్రస్తావన లేదు. రాజ్య భద్రతకే ముప్పు వచ్చేటంత తీవ్రత ఉంటే తప్ప పత్రికను ఆపడం చెల్లదని 1950 మే నెలలో కోర్టు చెప్పింది. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం రాజ్యాంగానికి తొలి సవరణ తెచ్చింది. శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపణ, విదేశీ సంబంధాలు అలా జాబితాలోకి ఎక్కాయి. దానితోపాటు ‘సహేతుకమైన’ అనే విశేషణం కూడా చేరింది. పాలకులు ఇచ్చినది అదొక్కటే. తర్వాతి డెబ్భై ఏళ్లలో స్వేచ్ఛ పక్షాన వచ్చిన తీర్పుల్లో చాలా భాగం ఆ ఒక్క మాట ఆధారంగానే నిలబడ్డాయి.

మరి మనోభావాల కేసులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటికి ఆధారమైన సెక్షన్ వయసు రాజ్యాంగం కన్నా ఎక్కువ. 1920లలో లాహోరులో ఇస్లాం ప్రవక్త మీద వెలువడిన ఒక కరపుస్తకం పెద్ద అలజడి రేపింది. అప్పటి చట్టంలో దాన్ని శిక్షించే వీలు లేదని హైకోర్టు ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను విడిచిపెట్టింది. దాంతో బ్రిటిషు ప్రభుత్వం 1927లో భారత శిక్షాస్మృతికి, మతభావాలను అవమానించడాన్ని నేరంగా చేసే 295ఎ సెక్షన్‌ను చేర్చింది. రాజ్‌పాల్‌ను మాత్రం ఆ చట్టం కాపాడలేకపోయింది. 1929లో ఆయన హత్యకు గురయ్యారు. జనం కోపాన్ని చల్లార్చడానికి చేసిన చట్టం కోపాన్ని చల్లార్చలేదు సరికదా, కోపం తెచ్చుకుంటే ఫలితం ఉంటుందన్న పాఠాన్ని మిగిల్చిపోయింది. ఆ పాఠం అన్ని మతాలవారికీ బాగానే వంటబట్టింది.

స్వతంత్ర భారతంలో ఈ సెక్షన్ చెల్లుతుందా అన్న ప్రశ్న 1957లో రాంజీలాల్ మోదీ కేసులో వచ్చింది. చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. కానీ ఒక షరతు మీదే చెల్లుతుందంది: మతాన్ని కించపరిచే ప్రతి మాటా నేరం కాదు, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో, ఒక వర్గం మతభావాలను రెచ్చగొట్టడానికే చేసిన అవమానం మాత్రమే నేరం. అలాంటిదైతేనే శాంతిభద్రతలతో దానికి సంబంధం ఉంటుంది. తెలియక, అజాగ్రత్తగా, హాస్యానికి, వాదన కోసం అన్నది ఇందులోకి రాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరం 299వ సెక్షన్‌గా కొనసాగుతోంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు.

షరతు కాగితం మీద గట్టిదే. అది నేలమీద ఎలా నడుస్తుందో చెప్పడానికి మన రాష్ట్రంలోని కేసే ఉంది. క్రికెటర్ మహేంద్ర సింగ్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల్లో రకరకాల కంపెనీల వస్తువులతో చిత్రించి ఒక వాణిజ్య పత్రిక 2013లో ముఖచిత్రం వేసింది. ధోనీ ఆ బొమ్మ గీయలేదు, గీయించుకోలేదు. అయినా అనంతపురంలో ఆయన మీద 295ఎ కింద ఫిర్యాదు దాఖలైంది. 2016లో బెయిలు లేని వారంటు కూడా జారీ అయింది. అజాగ్రత్తగా జరిగిన అవమానం ఈ సెక్షన్ కిందకు రాదని 1957 నాటి సూత్రాన్నే మళ్లీ చెప్పి సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో ఆ కేసును కొట్టివేసింది. దేశంలోనే పేరున్న ఆటగాడికి, ఖరీదైన న్యాయవాదులు ఉన్నవాడికి, ఒక బొమ్మ నుంచి బయటపడడానికి నాలుగేళ్లు పట్టింది. గాజువాకలో ఫొటోస్టాట్ దుకాణం నడుపుకునే మనిషికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించుకోవచ్చు.

శిక్ష తీర్పుకు ముందే పడుతుంది

అసలు చిక్కు సెక్షన్‌లో కన్నా అది నడిచే దారిలో ఉంది. 299 కింద నేరం వారంటు లేకుండా అరెస్టు చేయదగినది, బెయిలు హక్కుగా రానిది. ఎవరో ఒకరు ఠాణాకు వెళ్లి, వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ చూపించి ఫిర్యాదు రాసి ఇస్తారు. బయట పదిమంది గుమిగూడి ఉంటారు. స్టేషన్ అధికారికి ఆ క్షణంలో రాజ్యాంగ అధికరణం గుర్తుకు రాదు, బయటి గుంపు గుర్తుకు వస్తుంది. ఎఫ్ఐఆర్ కడితే గుంపు చెదిరిపోతుంది. కట్టకపోతే రాత్రంతా బందోబస్తు. ఆయన స్థానంలో ఎవరున్నా ఏం చేస్తారో చెప్పడం కష్టం కాదు.

ఇక్కడ చట్టంలోనే ఒక విచిత్రం ఉంది. ఈ నేరాలపై కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 196, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 217 సెక్షన్లు ఇదే చెబుతాయి. మాటకు సంబంధించిన కేసుల్లో ఆవేశంతో పెట్టినవి ఎక్కువ ఉంటాయి కాబట్టి వడపోత ఉండాలన్నది దాని ఉద్దేశం. అయితే ఆ వడపోత ఉన్నది కోర్టు గుమ్మం దగ్గర. అరెస్టు, ఫోను స్వాధీనం, రిమాండు, ఉద్యోగంలో సస్పెన్షన్, ఇంటి ముందు గొడవ, ఇవన్నీ అంతకుముందే జరిగిపోతాయి. అనుమతి రాక కేసు మూలపడినా పోయినది పోయినట్టే.

ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో ఆర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చేసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరైన జాస్తి చలమేశ్వర్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవారు. చర్చ, సమర్థన, ప్రేరేపణ మూడూ వేర్వేరు మెట్లని, మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా రాజ్యాంగ రక్షణ కిందే ఉంటాయని, మూడో మెట్టు దగ్గరే చట్టం అడుగుపెట్టాలని ఆ తీర్పు విడదీసింది. కొట్టేసిన ఆ సెక్షన్ కింద ఆ తర్వాత కూడా పోలీసులు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు. ఇది తెలిసి సుప్రీంకోర్టే విస్తుపోయింది. అలా ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. చట్టం చచ్చిపోయినా దాని అచ్చు ఫారాలు ఠాణాల్లో బతికే ఉంటాయన్నమాట.

ఇటీవలి తీర్పుల్లో ఈ సమస్యను సూటిగా పట్టుకున్నది 2025 మార్చి నాటిది. రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక వీడియోలో వినిపించిన కవిత మీద గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఎఫ్ఐఆర్ పెట్టారు. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేస్తూ రెండు విషయాలు చెప్పింది. మాట ప్రభావాన్ని తూచవలసింది స్థిరచిత్తం, ధైర్యం ఉన్న వివేకవంతుడి కొలతతో. ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని వాసన పట్టే బలహీనుడి కొలతతో కాదు. రెండోది ఆచరణకు పనికొచ్చేది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలును నాగరిక సురక్షా సంహిత 173(3) కల్పించింది. మాటకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఆ వీలును వాడుకోవడమే సరైన పద్ధతి అని కోర్టు అంది. పద్నాలుగు రోజుల్లో గుంపు ఇంటికి వెళ్లిపోతుంది, స్క్రీన్‌షాట్ అసలుదో కల్పితమో తేలుతుంది, ముందూ వెనకా వాక్యాలు బయటపడతాయి.

ప్రచారం చేసే హక్కు, వినకుండా ఉండే హక్కు

మతపరమైన మాటకు రాజ్యాంగంలో రెండు రక్షణలున్నాయి. 19తోపాటు 25వ అధికరణం కూడా మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి ఇచ్చింది. ప్రచారం అనే మాట రాజ్యాంగ సభలో తేలిగ్గా నెగ్గలేదు. దాని మీద గట్టి వాదనే జరిగింది.

విశాఖకు ఈ వాదన పాతదే. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ 1805లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి అనువదించే పనికి పూనుకున్నారు. మిషనరీల మాట వల్ల జనం తిరగబడతారేమోనని ఈస్టిండియా కంపెనీ పాలకులు అనుమానపడే రోజులవి. 1813 నాటి చార్టర్ చట్టం వచ్చాకే వారికి దారి తేలికైంది. ‘వీళ్లు మాట్లాడితే గొడవలవుతాయి’ అన్న కారణం నేటి పాలకులు కొత్తగా కనిపెట్టింది కాదు; అప్పట్లో దాన్ని చూపించింది క్రైస్తవ ప్రభువులు, క్రైస్తవ బోధకులకే.

ప్రచారం చేసే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అంది. మధ్యప్రదేశ్‌తోపాటు మన పొరుగున ఇచ్ఛాపురం అవతల ఉన్న ఒడిశా 1967లో చేసిన చట్టమూ ఆ కేసులో ఉంది. బలవంతం, మోసం, ప్రలోభంతో చేసే మార్పిడిని రాష్ట్రాలు నిషేధించవచ్చని దాని సారాంశం. బలవంతం, మోసం సంగతి సరే. ప్రలోభం దగ్గరే ముడి ఉంది. ఉచిత వైద్యం ప్రలోభమా? పరలోకం? అన్నప్రసాదం? ‘ఈ దేవుణ్ణి నమ్మితే మేలు జరుగుతుంది’ అనని మతం ఏదైనా ఉందా? తీర్పు వచ్చి అర్ధశతాబ్దం కావస్తున్నా ఈ ముడి విడలేదు. పైగా, మతం మార్చుకునే మనిషి నిర్ణయం అతనిదే అన్న సంగతి ఈ వాదనలో తరచూ కనబడకుండా పోతుంది. బోధకుడు ఎవరినీ ‘మార్చలేడు’. చెప్పగలడు. వినేవాడు మారతాడు, లేకపోతే ఇంటికి పోతాడు.

స్థలాన్ని బట్టి హద్దు పెట్టడం వేరు. ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన చట్టం, నోటిఫై చేసిన ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధించింది. తిరుమలలో జరిగిన వివాదం దానికి నేపథ్యం. ఈ హద్దు సమంజసమే. సింహాచలం మెట్ల మీద చందనోత్సవం నాడు క్యూలో నిలబడ్డ భక్తుడు ఎటూ పోలేడు. అతని చేతిలో మరో మతం కరపత్రం పెట్టడం మాట చెప్పడం కాదు, నిర్బంధించి వినిపించడం. మసీదు వాకిట్లోనైనా, చర్చి ఆవరణలోనైనా అంతే. కానీ అదే కరపత్రాన్ని ఆర్టీసీ కాంప్లెక్సు బయట ఫుట్‌పాత్ మీద పంచితే సంగతి మారిపోతుంది. అక్కడ అందరికీ కాళ్లున్నాయి. వద్దనుకున్నవాడు తీసుకోకుండా వెళ్లిపోవచ్చు, తీసుకుని అందులో పల్లీలు పొట్లం కట్టుకోవచ్చు. చేతి మైకు పట్టుకుని బోధించేవాడి చుట్టూ చేరి, మాకు కోపం వస్తోంది కాబట్టి అతన్ని తీసుకుపొమ్మని పోలీసులను పిలిచేవారికి 1999 నాటి ఒక ఇంగ్లండు తీర్పు చూపించాలి. వేక్‌ఫీల్డ్ చర్చి మెట్ల మీద ముగ్గురు స్త్రీలు మతబోధ చేస్తుంటే జనం మూగి అరవడం మొదలుపెట్టారు. పోలీసులు ఆపమన్నా ఆ స్త్రీలు ఆపలేదు. అరెస్టు చేయవలసింది రెచ్చిపోయేవారిని గానీ బోధకులను కాదని, ఎవరినీ నొప్పించకుండా మాత్రమే మాట్లాడే స్వేచ్ఛకు విలువ లేదని జస్టిస్ సెడ్లీ తీర్పు చెప్పారు. మన సుప్రీంకోర్టు అంతకు పదేళ్ల ముందే, 1989లో రంగరాజన్ కేసులో ఇదే అంది. ఊరేగింపులు తీస్తాం, విధ్వంసం చేస్తాం అన్న బెదిరింపులకు లొంగి మాటను ఆపడం కుదరదు. రక్షణ కల్పించలేమని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీల్లేదు.

ఇక మైకు గురించి చెప్పకుండా విశాఖలో మతపరమైన మాట గురించి చెప్పడం కుదరదు. నగరంలో మతాల మధ్య వచ్చే నిజమైన తగాదాల్లో సిద్ధాంతం మీద వచ్చేవి తక్కువ. సౌండు బాక్సుల మీద, ఊరేగింపు దారుల మీద, సమయాల మీద వచ్చేవే ఎక్కువ. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలాల్లో పగలు 50, రాత్రి 40. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా పండుగలకు అర్ధరాత్రి వరకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. వందకు పైగా పోయే డీజే బాక్సుల లారీ ఒకటి నిమజ్జనానికి బీచ్ వైపు వెళ్తూ కేజీహెచ్ డౌన్ రోడ్డులో ఆగిందనుకుంటే, పైన వార్డులో పడుకున్న రోగి చెవికి చేరేది నిర్ణీత పరిమితికి రెట్టింపు కాదు, కొన్ని వేల రెట్లు. ఆ రోగి వినాయకుడి భక్తుడే కావచ్చు. అప్పుడతనికి కావలసింది మంత్రం కాదు, నిద్ర.

ఇక్కడ కోర్టులు గీసిన గీత స్పష్టంగానే ఉంది. చెన్నైలోని ఒక పెంతెకొస్తు సంఘం ప్రార్థనల శబ్దం మీద కాలనీవాసులు వేసిన కేసులో 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. మాట సారాన్ని చూడకుండా స్థాయిని మాత్రమే కొలిచే ఇలాంటి నియమంలో గొప్ప సుఖం ఉంది. శబ్దమాపకానికి మతం తెలియదు. తెల్లవారుజామున సుప్రభాతం, అజాన్, ఆదివారం ఆరాధన, డెసిబెల్ దృష్టిలో అన్నీ ఒక్కటే. అందుకే దాన్ని ఒక మతం మీదే వాడి, ఇంకో మతం దగ్గర సంచిలో పెట్టేస్తే అది ఆ పరికరం తప్పు కాదు.

దేవుణ్ణే నిలదీసిన భక్తుడు

దైవదూషణ మన సంస్కృతికి పరాయిదన్న వాదన ఒకటి ఈ మధ్య బాగా వినిపిస్తోంది. దానికి జవాబు సింహాచలంలోనే ఉంది. 18వ శతాబ్దపు కవి గోగులపాటి కూర్మనాథుడు సింహాద్రి నారసింహుడి మీద శతకం చెప్పాడు. శత్రు సైన్యం దేవాలయం మీదకు వస్తుంటే దేవుడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడని కవి కోపం. ఆ కోపాన్ని కవి దాచుకోలేదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఆ గోళ్లు ఇప్పుడేమయ్యాయన్న ధోరణిలో, సీసపద్యాల్లో, నరసింహస్వామిని నిలదీసి, దెప్పిపొడిచి, పౌరుషం రేపేలా తిట్టాడు. ఆ పద్యాలకు కదిలి దేవుడు తుమ్మెదల దండును పంపి సైన్యాన్ని తరిమేశాడని ఐతిహ్యం. నిందాస్తుతి అనే పేరుతో మన సాహిత్య చరిత్రలు ఈ శతకాన్ని గౌరవంగా చెప్పుకుంటాయి.

అదే పద్యాన్ని, కవి పేరు తీసేసి, ఇవాళ ఫేస్‌బుక్‌లో పెడితే ఏమవుతుంది? పెట్టినవాడి ఇంటిపేరును బట్టి జవాబు మారుతుంది. భక్తుడి నోట అయితే నిందాస్తుతి, పరాయివాడి నోట అయితే నింద. మనుషుల మధ్య సంబంధాల్లో ఈ తేడా సహజమే. సొంత ఇంటివాడు అన్న మాట, బయటివాడు అన్న మాట ఒకటి కావు. కానీ క్రిమినల్ చట్టం ఇంటిపేరు చూసి నడవకూడదు. 1957 తీర్పు పెట్టిన దురుద్దేశం అనే కొలతను సరిగ్గా వాడితే, కూర్మనాథుడి పద్యమూ నాస్తికుడి వ్యాసమూ రెండూ బయటే ఉంటాయి. దానికి కావలసింది కొత్త చట్టం కాదు, ఉన్న తీర్పును చదవడం.

ఎక్కడ ఆపాలి

అయితే ఏదైనా అనవచ్చా? అనకూడదు. భావాన్ని కొట్టే మాటకూ మనిషిని కొట్టే మాటకూ తేడా ఉంది. ‘విగ్రహారాధన వట్టిది’, ‘మూడు రోజులకు లేవడం కట్టుకథ’, ‘ఫలానా గ్రంథంలో స్త్రీలకు అన్యాయం జరిగింది’, ఇవి నమ్మకాల మీద మాటలు. ‘ఫలానా మతంవాళ్లకు ఇల్లు అద్దెకివ్వకండి’, ‘వాళ్ల బండి దగ్గర పండ్లు కొనకండి, ఉమ్మేసి అమ్ముతారు’, ఇవి మనుషుల మీద మాటలు. మొదటి రకం విన్నవాడు బాధపడతాడు. రెండో రకంలో, విన్నవాడు బాధపడడు, నమ్ముతాడు. బాధపడేది అక్కడ లేని మూడోవాడు. అతని జీవనం పోతుంది, ఒక్కోసారి ప్రాణం పోతుంది. దళితుణ్ణి నలుగురిలో కులం పేరుతో అవమానించడాన్ని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా చేసిందంటే కారణం ఇదే. అక్కడ దెబ్బతినేది సిద్ధాంతం కాదు.

రెండో రకం మాటల్లో బూతు ఉండనక్కర్లేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు దేశంలో పలుచోట్ల అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ సందేశాల్లో ఏ దేవుణ్ణీ తిట్టలేదు. ఎంతో బాధ్యతగా, ‘దయచేసి అందరికీ పంపండి’ అని ఉంటుంది వాటిలో. అప్పుడు పనికొచ్చిన చర్యల్లో ఒకటి ఎవరినీ జైల్లో పెట్టనిది: ఒకే సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపలేకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టింది. 2020 డిసెంబరులో విజయనగరం జిల్లా రామతీర్థం కొండ మీద కోదండరాముడి విగ్రహం శిరస్సును ఎవరో ఖండించినప్పుడు కూడా ప్రమాదం అక్కడే ఉంది. విగ్రహాన్ని పగలగొట్టడం నేరం, అది మాట కాదు. నేరస్థుడెవరో తేలకముందే ఒక మతం మొత్తాన్ని దోషిగా నిలబెట్టే సందేశం మాత్రం మాట ముసుగులో ఉన్న మరో రకం ప్రమాదం.

చిక్కేమిటంటే, ఈ రెండో రకానికి ఉద్దేశించిన సెక్షన్లనే ప్రభుత్వాలు తమను ప్రశ్నించేవారి మీద వాడుతున్నాయి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై కనీసం పన్నెండు మంది చనిపోయారు. ఆ ఘటనపై ప్రభుత్వ తీరును ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పంచుకున్నందుకు గుంటూరులో ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. పెట్టిన సెక్షన్లలో వర్గాల మధ్య శత్రుత్వం రేపే ప్రకటనలకు సంబంధించినవి ఉన్నాయి. గ్యాసు పీల్చినవారు ఒక వర్గం, కంపెనీ ఇంకో వర్గం అనుకున్నారో ఏమో. రసాయన కర్మాగారాల పక్కన నివసించే నగరానికి భావప్రకటన స్వేచ్ఛ సాహిత్య విలాసం కాదు. ట్యాంకు దగ్గర వాసన వస్తోందని చెప్పగలగడం, చెప్పినవాడి ఇంటికి పోలీసులు రాకపోవడం, అదొక భద్రతా ఏర్పాటు.

ఈ నగరానికి ప్రశ్నించే అలవాటు ఉంది. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పదవిని వదులుకున్నారు కట్టమంచి రామలింగారెడ్డి. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఘనంగా జరుగుతుంటే విశాఖ విద్యార్థుల పేరుతో ఒక కరపత్రం వెలువడింది. రచయితలారా మీరెటువైపు అని అది సూటిగా అడిగింది. వచ్చిన పెద్దలకు అది మర్యాదగా తోచి ఉండదు. సన్మాన సభలో ఆ ప్రశ్న అడగడం చాలామంది మనోభావాలను దెబ్బతీసే ఉంటుంది. ఆ జులైలో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టడానికి ఆ కాగితం ఒక ప్రేరణ. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులతో ఏకీభవించాలని లేదు. ప్రశ్నకు ఆ సభలో చోటు దొరకడమే ఇక్కడ విషయం.

మౌనం కూడా భావప్రకటనే అన్నది చాలామంది మరిచిపోయే సంగతి. జాతీయగీతం పాడుతుంటే లేచి నిలబడి, తమ మతవిశ్వాసం ఒప్పుకోదు కాబట్టి నోరు మాత్రం కలపని యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను కేరళలో బడి నుంచి తీసేశారు. 1986లో ఆ పిల్లలకు చదువు తిరిగి ఇప్పించిన తీర్పు రాసింది తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దని ఆయన అందులో రాశారు.

ఆచరణలో మిగిలిన పని పెద్దదేమీ కాదు గానీ, చేయడం కష్టం. ప్రభుత్వ అనుమతి అనే వడపోతను కోర్టు గుమ్మం నుంచి అరెస్టు ముందుకు జరపాలి. దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. విద్వేష ప్రసంగాలపై ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా వెంటనే కేసులు పెట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులకు చెప్పి, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఒకవైపు వెంటనే పెట్టమంటూ, మరోవైపు ఆగి విచారించమంటే ఠాణాలో అధికారి ఏం చేయాలి? జవాబు ఆ తీర్పులను కలిపి చదివితే దొరుకుతుంది. ఫలానా మతంవాళ్లను వీధిలోంచి తరిమేయండని మైకులో పిలుపు ఇచ్చినవాడి విషయంలో ఆలస్యం కూడదు. ఆ రాత్రికే ఏదైనా జరగవచ్చు. ఒక దేవుడి మీద వెటకారంగా రాసినవాడి విషయంలో ఆలస్యం వల్ల ఎవరికీ ఏమీ కాదు. రెండు ఫిర్యాదులూ ఒకే రోజు ఒకే ఏసీపీ బల్ల మీదకు వస్తే, మొదటిదానికి అదే రోజు ఎఫ్ఐఆర్, రెండోదానికి పద్నాలుగు రోజుల విచారణ దక్కాలి. ఇప్పుడు తరచూ జరుగుతున్నది దీనికి తలకిందులు, ఎందుకంటే మొదటి మాట అన్నవాడి వెనక గుంపు ఉంటుంది, రెండో మాట రాసినవాడు ఒంటరిగా ఉంటాడు.